వెనక జేబుల వేట

మోక
అక్టోబర్ 8

బళ్లారి బజారులో కంప్యూటర్ సామాన్ల అంగడి యజమాని శ్రీ విరూపాక్షయ్య గారికి నమస్కారాలు.

ఫిర్యాదు నోటితో చెబితే మీ అంగట్లో చెల్లదనీ, కాగితం మీద రాసిస్తేనే ఇనప చువ్వకు గుచ్చి పట్టించుకుంటారనీ తెలుసు కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలుగులో రాస్తే మీరే స్వయంగా చదువుతారని కూడా తెలుసు.

నా పేరు నేత్రావతి. జీన్స్ ప్యాంట్ల వెనక జేబుల మీద మిషన్‌తో కుట్టిన పూలూ గీతలూ ఉంటాయి కదా, ఆ డిజైన్లు కంప్యూటర్‌లో గీసి జీన్స్ కుట్టే యూనిట్లకు ఇవ్వడం నా పని. రెండేళ్ల కింద నా తమ్ముడు వీరేశ్ మీ అంగట్లో కంప్యూటర్‌లో ఫైళ్లు దాచుకునే ఎస్‌ఎస్‌డి డ్రైవ్ ఒకటి కొన్నాడు. బిల్లు జతచేశాను. ఐదేళ్ల వారంటీ అని మీ ముద్ర కిందే ఉంది. మొన్న ఆరో తారీఖు పొద్దున కంప్యూటర్ వేస్తే నల్ల తెర మీద ఇంగ్లీషులో ఒక ముక్క వచ్చింది. ఈ పెట్టెలో డ్రైవ్ అనేది లేనే లేదట. ఉంది. నా కళ్ల ముందే స్క్రూలతో బిగించి ఉంది. మూడుసార్లు తీసి పెట్టాను, వైరు మార్చాను, పక్కింటివాళ్ల కంప్యూటర్‌లో కూడా పెట్టి చూశాను. ఎక్కడ పెట్టినా అదే మాట.

వారంటీ ప్రకారం దీన్ని మీరు మార్చి ఇవ్వాలి. లోపల నా డిజైన్లు నూట పద్దెనిమిది ఉన్నాయి. అవి చెక్కు చెదరకుండా మార్చి పంపగలరు. మేము దానికి ఏమీ చేయలేదు. నీళ్లు తగల్లేదు, కింద పడలేదు.

ఉత్తరంతో పాటే డ్రైవ్‌ను మోక బస్సు కండక్టర్ దురుగప్ప చేతికి ఇచ్చి పంపుతున్నాను. "డ్రైవ్ అంటే డ్రైవర్‌కు ఇయ్యల్ల గదక్కా, నాకెందుకు ఇస్తాండావు?" అని నవ్వాడు గానీ భద్రంగానే తెస్తాడు. జవాబు కూడా అతనికే ఇవ్వండి.

ఇట్లు,
నేత్రావతి

కౌంటర్ మీద ఎవరు కూర్చున్నా సరే, ఇది విరూపాక్షయ్య గారి చేతికే అందాలి.


బళ్లారి
అక్టోబర్ 10

నేత్రావతి గారికి,

మీ ఫిర్యాదు అందింది. నాన్నగారికి కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు కాగితం ముట్టుకోకూడదన్నారు. అందువల్ల కౌంటర్ మీద కూర్చునే నేనే చదివాను, నేనే చువ్వకు గుచ్చాను, జవాబు కూడా నేనే రాస్తున్నాను. చేతిరాత చూసి ఎవరో మీరు పోల్చుకునే ఉంటారు. పోల్చుకోకపోతే కింద సంతకం ఉంది.

డ్రైవ్ పోయిన మాట నిజమే. ఇక్కడ రెండు మిషన్లలో పెట్టి చూశాను. వారంటీ ఉంది కాబట్టి కంపెనీ మార్చి ఇస్తుంది. కానీ మీరు రాసినట్టు లోపలివి చెక్కు చెదరకుండా మార్చడం అనేది ఉండదు. కంపెనీ పాతదాన్ని ఉంచుకుని వేరొకటి ఇస్తుంది. కొత్తది ఖాళీగా వస్తుంది, పాతది తిరిగి రాదు. లోపల ఉన్నవాటికి మా పూచీ లేదని వారంటీ కాగితం వెనక సన్నటి అక్షరాల్లో రాసి ఉంది. పంపాలా వద్దా అన్నది ఆలోచించుకుని రాయండి.

ఇంకొక సంగతి. మేము దానికి ఏమీ చేయలేదని రాశారు. డ్రైవ్ మీది స్టిక్కర్ ఎర్రగా ఉంది. సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు కనిపించడం లేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, విభూతి వాసన కూడా వచ్చింది. జరిగింది జరిగినట్టు రాస్తే కంపెనీవాళ్ల ముందు ఏం మాట్లాడాలో నేను చూసుకుంటాను.

ఫోన్ చేయవద్దు. మనం చివరిసారి ఫోన్‌లో మాట్లాడినప్పుడు ఏమైందో ఇద్దరికీ గుర్తే. కాగితం మీద అయితే కోపం రాసే లోపలే సగం తగ్గుతుంది.

రశ్మి


మోక
అక్టోబర్ 13

రశ్మీ,

గారు అని రాసి చంపావు కదే. మూడేళ్లకు ఒక ఉత్తరం రాశావు, అది కూడా బిల్లు రాసినట్టు రాశావు. పీయూసీలో కన్నడ లెక్చరర్‌కు అర్థం కాకూడదని మనం తెలుగులో చీటీలు రాసుకునేవాళ్లం. రెండు లిపులూ దగ్గరదగ్గరే కాబట్టి ఆయన సగం పోల్చుకుని చదివేసి ఇద్దరినీ బయట నిలబెట్టేవాడు. ఎండలో నిలబడి కూడా నువ్వు నన్ను గారు అనలేదు.

సరే, కుంకుమ సంగతి చెప్తాను. ఆయుధపూజ రోజు కంప్యూటర్ కడిగినంత పని చేసి, పైన బొట్టు పెట్టి, బంతిపూలు పెట్టాను. మా అమ్మ మారెక్క వచ్చి చూసింది. ఒప్పుకోలేదు. "పైన డబ్బాకు పూజేందే? డబ్బా ఏం పంజేస్తాది? లోపల పంజేసేది యాడుండాదో దానికి పెట్టల్ల" అంది. నాకూ న్యాయంగానే తోచింది. మూత విప్పి, "ఇదిగోమా, నా డిజైన్లన్నీ దీన్లోనే ఉండాయి" అని చూపించాను. అమ్మ విభూతి తడిపి మూడు గీతలు పెట్టింది, మధ్యలో కుంకుమ దిద్దింది, కళ్లు మూసుకుని చాలాసేపు మొక్కింది. సాయంత్రం నేను తడిబట్టతో తుడిచాను. తుడిచేకొద్దీ ఎరుపు పాకింది తప్ప పోలేదు. సరిగ్గా ఐదు రోజులకు అది చచ్చింది. ఈ మాట బయటికొస్తే, పూజ చేసి చంపామని అమ్మ అనుకుంటుందేమోనని మొదటి ఉత్తరంలో రాయలేదు. ఆమె ఇప్పటికే రోజుకు రెండుసార్లు దాని గురించి అడుగుతోంది, ఆసుపత్రిలో ఉన్న మనిషిని అడిగినట్టు.

ఖాళీది ఇస్తారని చదివి మంచం మీద కూలబడ్డాను. ప్యాంటుకు జిప్పు మారిస్తే ప్యాంటు అదే ఉంటుంది కదా, ఇదీ అంతే అనుకున్నాను. నవ్వకు. గీసే పని నాది, పెట్టె లోపల ఏముంటుందో నాకెట్లా తెలుస్తుంది?

నీకు మొత్తం చెప్పాలి. సెప్టెంబర్‌లో యూనిట్‌లో పని మానేశాను. నాగార్జున అని ఒకాయన బళ్లారిలో పెద్ద జీన్స్ యూనిట్ పెట్టాడు. ఏడాది పొడుగునా జేబు డిజైన్లు నా దగ్గరే తీసుకుంటానన్నాడు. షరతు ఒకటే, డిసెంబర్ పదిహేనుకు వంద సొంత డిజైన్ల పుస్తకం పట్టుకెళ్లి చూపించాలి. వంద ఏంటి, నూట పద్దెనిమిది ఉన్నాయని గొప్పగా చెప్పి వచ్చాను. ఈ పని రాకపోతే మళ్లీ పాత యూనిట్‌లో అదే కుర్చీలో కూర్చుని వేరేవాళ్ల డిజైన్లు మిషన్‌కు ఎక్కిస్తూ ఉండాలి. ఆ కుర్చీలో నేను కూర్చోను. కాబట్టి డిజైన్లు దొరకాలి. దొరుకుతాయి.

నా డిజైన్లు కొన్న యూనిట్లన్నింటినీ అడిగాను. ఒక లాట్ ప్యాంట్లు కుట్టడం అయిపోగానే నేనిచ్చిన పెన్ డ్రైవ్ చెరిపేసి వేరేది ఎక్కించుకుంటారట. ఒక్కరి దగ్గరా లేవు. మనిద్దరం కలిసి అంగడి పెట్టాలనుకున్న రోజుల్లో నీకు నలభై డిజైన్లు పంపాను కదా, అవి నీ కంప్యూటర్‌లో ఉంటాయి. ముందు అవి పంపు. మిగతావాటికి దారి చూద్దాం.

నేత్ర


బళ్లారి
అక్టోబర్ 21

నేత్రా,

గారు తీసేశాను, చూసుకో.

ముందు మీ అమ్మకు చెప్పు. డ్రైవ్ పూజ వల్ల పోలేదు. విభూతి పైన రేకు మీద పడింది, లోపలికి పోయే సందు లేదు. ఆ రేకు లోపల నీ డిజైన్లు దాచుకునే చిప్పులు వేరే, ఏది ఎక్కడుందో చెప్పే చిప్పు వేరే. ఆ రెండోది పోయింది. గోడౌన్‌లో సరుకంతా అలాగే ఉంది, తాళం చెవి ఉన్న మనిషే లేడు. అది పూజ చేసినా పోయేది, చేయకపోయినా పోయేది.

బెంగళూరులో ఇలాంటివి విప్పి డిజైన్లు బయటికి తీసేవాళ్లున్నారు. ఒకాయనకు ఫొటోలు పంపి గంటసేపు మాట్లాడాను. విప్పితే వారంటీ పోతుంది. విప్పినా పదిలో ఒకటికి ప్రాణం వస్తుందన్నాడు, అది కూడా మూడు నెలలు పడుతుందన్నాడు. నీ గడువు డిసెంబర్ పదిహేను. దాచిపెట్టుకుంటే నీ దగ్గర తెరుచుకోని డ్రైవ్ ఉంటుంది, కంపెనీకి పంపితే పనిచేసే ఖాళీ డ్రైవ్ వస్తుంది. నేనైతే పంపేస్తాను. కానీ లోపలున్నవి నావి కావు. నువ్వు పంపమని రాస్తే తప్ప నేను కదిలించను.

ఒక మాట అంటే కోపం తెచ్చుకోకు. ఇన్నేళ్ల పని ఒక్క చోటే పెట్టుకున్నావు. రెండో కాపీ లేకుండా ఎవరైనా పని చేస్తారా? ఈ కౌంటర్ దగ్గరికి వచ్చే ప్రతివాళ్లకూ చెప్తాను. తల ఊపుతారు, పోతారు, మళ్లీ ఏడుస్తూ వస్తారు. నువ్వు ఏడవకుండా వచ్చావు, అదొక్కటే తేడా.

ఈ ఉత్తరం రాస్తుంటే నాన్న కళ్లకు పట్టీతోనే పక్క కుర్చీలో కూర్చుని ఉన్నారు. కాగితం చప్పుడు విని, "ఫిర్యాదుకు జవాబు రాయడానికి ఇంతసేపేందమ్మా?" అన్నారు. పెద్ద ఫిర్యాదు నాన్నా అన్నాను.

రశ్మి


మోక
నవంబర్ 4

రశ్మీ,

పంపించేయ్. మొండి ధైర్యంతో చెప్పడం లేదు, డిజైన్లు ఎక్కడున్నాయో కనిపెట్టి చెప్తున్నాను.

పోయిన వారం బళ్లారి వస్తూ బస్సులో సీటు దొరక్క నిలబడ్డాను. నా ముందు ఒకాయన నిలబడ్డాడు. ఆయన వెనక జేబు మీద నా జొన్నకంకి ఉంది. రెండేళ్ల కింద గీసింది, పోయిందని నేను రెండు రాత్రులు తిండి మానేసింది, నాకు మూరెడు దూరంలో ఊగుతూ ఉంది. అప్పుడు వెలిగింది నాకు. కంప్యూటర్‌లో పోతే ఏమైంది? నా డిజైన్లన్నీ ఈ జిల్లా మగవాళ్ల వెనకాల తిరుగుతున్నాయి కదా! గబగబా ఫోన్ తీసి ఫొటో తీశాను. ఆయన తిరిగి, "ఏందమ్మా?" అన్నాడు. కంగారులో, "ఆ జేబు నాదప్పా" అన్నాను. ఆయన రెండు చేతులతో పర్సు పట్టుకుని దురుగప్పను కేకేశాడు. దురుగప్ప వచ్చి, "ఆమె దొంగ కాదప్పా, నీ జేబు గీసింది ఆమెనే" అని చెప్పేసరికి బస్సంతా నా వైపు తిరిగింది. ఒక ఆడమనిషి తన మొగుణ్ని లేపి, "ఈయనది కూడా సూడమ్మా" అంది. ఆయనది నాది కాదు. వేరేవాళ్లది, అంత బాగా లేదు కూడా.

ఆ రోజు నుంచి ఇదే పని. హగరి స్టేషన్‌లో రైలు దిగేవాళ్లను చూస్తున్నాను. మోక సంతలో చూస్తున్నాను. ఒక్కదాన్నే మగవాళ్ల వెనకాల తిరిగితే బాగుండదని అమ్మ వెంట వస్తోంది. ఆమెకు సిగ్గు లేదు, పైగా పూజ వల్ల పోలేదని నువ్వు చెప్పాక కొత్త ఉత్సాహం వచ్చింది. బస్టాండు ముందు టీ అంగడి బల్ల మీద కూర్చుంటుంది. ఎవరైనా పోతుంటే, "ఓ అప్పా, రోంత అట్ల తిరుగు" అంటుంది. "యాలమ్మా?" అంటే, "నా బిడ్డ రాసింది నీ ఎనకాల ఉండాదేమో, సూడల్ల" అంటుంది. తిరుగుతారు. అమ్మ చెబితే ఎవరైనా తిరుగుతారు.

నిన్న మా వీధి కెంచప్ప తాత ఒక గోనెసంచి మోసుకొచ్చి మా అరుగు మీద గుమ్మరించాడు. "మా ఇంట్లో ఐదుమంది మగోళ్లుండారు. ఎవురి ఎనకాల ఏముండాదో మాకేం తెలుసు, నువ్వే సూస్కో" అన్నాడు. ఆ ఒక్క సంచిలో తొమ్మిది దొరికాయి. ఇప్పటికి మొత్తం యాభై రెండు. ఫొటో పక్కన పెట్టుకుని మళ్లీ గీస్తున్నాను, తమ్ముడి పాత లాప్‌టాప్‌లో.

నలభై డిజైన్ల సంగతి అడిగితే నువ్వు జవాబు రాయలేదు. మర్చిపోయావేమో అనుకుని రెండోసారి అడుగుతున్నాను. ఇప్పటికి దొరికినవాటిలో అవి లేవు కాబట్టి, అవి వస్తే యాభై రెండూ నలభై, తొంభై రెండు. ఇంకెనిమిది ఎక్కడో ఒకచోట కూర్చునే ఉంటాయి.

నేత్ర


బళ్లారి
నవంబర్ 14

నేత్రా,

నీ డ్రైవ్ కంపెనీ తీసుకుంది. అంత సులభంగా తీసుకోలేదు, అందుకే వివరంగా రాస్తాను.

కంటోన్మెంట్‌లో వారంటీ సామాన్లు తీసుకునే ఆఫీసుకు నేనే వెళ్లాను. కౌంటర్‌లో అతను స్టిక్కర్ చూసి, మరక ఉంది, వారంటీ వర్తించదు అని కాగితం మీద రాసేశాడు. "ఆగోదిల్ల మేడం, మరక ఉంటే తీసుకోం, రూల్ ఉండాది" అన్నాడు. కన్నడంలో ఒకసారి, తెలుగులో ఒకసారి, రెండు భాషల్లోనూ కుదరదన్నాడు. నేను బ్యాగు సర్దుకుంటూ అతని బల్ల మీద చూశాను. బిల్లులు కొట్టే ప్రింటర్ ఉంది. దాని నుదుటి మీద మూడు విభూతి గీతలు, మధ్యలో కుంకుమ, కాగితం వచ్చే సందులో ఎండిపోయిన బంతిపువ్వు.

"ఈ ప్రింటర్‌కు వారంటీ ఉండాదా?" అని అడిగాను.

"ఉండాది మేడం, మూడు నెలలే అయింది తెచ్చి."

"ఎట్లుంటాది? దాని మీద మరక ఉండాదే."

అతను ప్రింటర్ వైపు చూశాడు. "అది మరక కాదు మేడం, పూజ."

"నేను తెచ్చింది కూడా అదే."

అతనికి నవ్వు ఆగలేదు. లోపలి నుంచి మేనేజర్ వచ్చాడు. కనిపించని నాలుగు అంకెలు ఎలా తెలుస్తాయి అన్నాడు. నాన్న ప్రతి డ్రైవ్ సీరియల్ నంబర్ చేత్తో బిల్లు మీద రాస్తారు, నేను చాదస్తం అనేదాన్ని. బిల్లు చూపించాను. మేనేజర్ మొదటి కాగితం చించేసి వేరేది రాయించాడు. రెండు వారాల్లో కొత్తది వస్తుంది. ఆటోలో వస్తూ చాలా రోజుల తర్వాత నా మీద నాకే ముచ్చటేసింది.

ఉత్తరం ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపితే నువ్వు మూడోసారి అడుగుతావు.

ఆ నలభై డిజైన్లు నా దగ్గర లేవు. నేనే చెరిపేశాను. మనం అంగడి గదికి అడ్వాన్స్ ఇవ్వాల్సిన రోజు పొద్దున నాన్న వద్దన్నారు. నేను ఒక్క మాట ఎదురు చెప్పలేదు. నీకు ఫోన్ చేసి రానని చెప్పాను. నీకు దమ్ము లేదన్నావు. అది నిజం కాబట్టి ఎక్కువ మండింది. ఫోన్ పెట్టేసి కంప్యూటర్ ముందు కూర్చుని నీ ఫోల్డర్ మొత్తం చెరిపాను. చెరిపినవి ఉండే చెత్తబుట్టలోంచి కూడా తీసేశాను. నిజంగానే చెరపాలా అని అది రెండుసార్లు అడిగింది. రెండుసార్లూ అవునని నొక్కాను.

నీ డ్రైవ్ దానంతట అది పోయింది. రెండో కాపీ నా దగ్గర ఉండేది, దాన్ని నేను చంపాను. రెండో కాపీ పెట్టుకోలేదని నీకు బుద్ధి చెబుతూ రాసినప్పుడు ఈ సంగతి నాకు గుర్తే ఉంది. గుర్తుండే రాశాను. సిగ్గుగా ఉంది నేత్రా.

రశ్మి


మోక
నవంబర్ 16

రశ్మి గారికి,

మీ ఉత్తరం అందింది.

కొత్త డ్రైవ్ వచ్చాక దురుగప్పకు ఇచ్చి పంపగలరు. ఉత్తరం అవసరం లేదు.

నేత్రావతి


బళ్లారి
నవంబర్ 29

నేత్రావతి గారికి,

ఉత్తరం అవసరం లేదన్నారు. కానీ వస్తువు పోయేటప్పుడు దానితో కాగితం పోవాలన్నది మా అంగడి పద్ధతి. కాబట్టి నాలుగు ముక్కలు.

కంపెనీ నుంచి కొత్త డ్రైవ్ వచ్చింది. దీని వారంటీ పాతదానికి మిగిలిన మూడేళ్లే. మిషన్‌లో పెట్టి, అన్నీ చూసి పంపుతున్నాను. దీనికి బొట్టు పెట్టాలంటే వచ్చే ఏడాది స్టిక్కర్ లేని వైపు పెట్టమని అమ్మగారికి చెప్పండి.

డ్రైవ్ ఖాళీగా పంపలేదు. మా అంగడికి వచ్చినవాళ్లు సామాను కొన్నాక తిరిగి వెళ్తారు కదా. ఇన్నేళ్లూ వాళ్ల ముఖాలే చూశాను, ఈ రెండు వారాలూ వెనక జేబులు చూశాను. మీ గీత నాకు తెలుసు. ఆకు చివర ఎప్పుడూ ఒక కుట్టు ఎక్కువ వేసి వంచుతారు. అలాంటివి పందొమ్మిది దొరికాయి. ఫొటోలన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టాను.

నాన్నకు పట్టీ తీసేశారు. నేను లేనప్పుడు చువ్వకున్న మీ ఉత్తరాలన్నీ ఊడబెరికి, కిటికీ దగ్గర కూర్చుని చదివారు. మధ్యాహ్నం అన్నం తినలేదు. మర్నాటి నుంచి ఎవరైనా అంగడి మెట్టు దిగబోతుంటే నా కంటే ముందే, "రోంత నిలబడప్పా, అట్లే ఉండు" అని కేక వేస్తున్నారు. పందొమ్మిదిలో ఎనిమిది ఆయన ఆపినవే.

నన్ను క్షమించమని అడగడానికి రాయలేదు. డిసెంబర్ పదిహేనుకు ఇంకా పదహారు రోజులున్నాయి. పుస్తకం పూర్తవ్వాలి.

రశ్మి


మోక
డిసెంబర్ 18

రశ్మీ,

నీ కాగితం చదివినప్పుడు కోపం తగ్గలేదు. ఇప్పటికీ పూర్తిగా తగ్గలేదు. ఆ నలభైలో నేను గీసిన మొట్టమొదటి డిజైన్ ఉంది. అది ఏ ప్యాంటు మీదా కుట్టలేదు, ఎవరి వెనకాలా దొరకదు. ఒక రోజంతా దాన్ని గుర్తు తెచ్చుకుని గీయబోయాను. రాలేదు. ఏడ్చాను. అమ్మ అన్నం పళ్లెం పక్కన పెట్టి, నా వెనకాలే కూర్చుంది. ఇవన్నీ నీకు తెలియాలి కాబట్టి రాస్తున్నాను.

ఇక నాగార్జున దగ్గర జరిగింది విను. నీ పందొమ్మిదితో కలిపి ఎనభై నాలుగు దొరికాయి. వందకు పదహారు తక్కువ. గడువు లోపల పదహారు కొత్తవి గీయడం నాకు పెద్ద పని కాదు, మొదలుపెట్టాను కూడా. కానీ కెంచప్ప తాత సంచిలోని ప్యాంట్లు ఇంకా మా అరుగు మీదే ఉన్నాయి. కొత్త డిజైన్ గీసినప్పుడల్లా కన్ను వాటి మీదికి పోయింది. జేబులో ఫోన్ పెడితే మూల తగిలే చోట దారం పటపటా తెగిపోయి ఉంది. కుట్లు మరీ దగ్గరగా వేసిన చోట గుడ్డే చిరిగింది. కంప్యూటర్‌లో చూసినన్నాళ్లూ నూట పద్దెనిమిదీ అందంగానే ఉండేవి. రెండేళ్లు బస్సు సీట్ల మీద కూర్చుని, బండ మీద ఉతికిన తర్వాత ఎలా ఉంటాయో నేనెప్పుడూ చూడలేదు. ఆ డ్రైవ్ బతికి ఉంటే ఎప్పటికీ చూసేదాన్ని కాదు.

కొత్తవి గీయడం ఆపేశాను. ఎనభై నాలుగులో చెడిపోయినవన్నీ తీసి అవతల పడేశాను. గట్టిగా నిలబడినవి యాభై ఏడు. అందులో పదకొండు నీ ఫొటోల్లోవే. ఆ యాభై ఏడుతో పుస్తకం చేసి, పన్నెండు పాత ప్యాంట్లు ఉతికి మడతపెట్టి సంచిలో వేసుకుని వెళ్లాను.

నాగార్జున పుస్తకం తిప్పి, "వంద అంటిని గదమ్మా, సగమే ఉండాది" అన్నాడు.

నేను ప్యాంట్లు ఆయన బల్ల మీద బోర్లా పరిచాను. "వంద తెచ్చేదాన్నే. ఇవి సూడప్పా. రెండేండ్లు మనుషులు కూసున్న జేబులు ఇవి. దారం పీకి సూడు" అన్నాను. ఆయన గోటితో పీకాడు. రాలేదు. ఇంకోటి పీకాడు. లోపల కుట్టేవాళ్లను నలుగురిని పిలిచాడు, వాళ్లూ పీకారు. ఒకతను చెడిపోయినవి ఏవని అడిగితే అవి కూడా తీసి చూపించాను, ఎక్కడ ఎందుకు తెగిందో చెప్పాను. గంటసేపు నిలబడే మాట్లాడాను. చివరికి ఆయన, "ఇట్ల పాత ప్యాంటు తెచ్చి డిజైన్ అమ్మినోళ్లను నేనింతవరకూ సూడలేదమ్మా" అని నవ్వి, ఏడాది పని కాగితం మీద సంతకం పెట్టాడు. ఇంటికి వచ్చి అమ్మకు చెబితే, "మరి నేను అంతమందిని ఊరికే తిప్పితినా?" అంది.

దురుగప్ప చేతికి ఒక పెన్ డ్రైవ్ ఇచ్చి పంపుతున్నాను. యాభై ఏడూ అందులో ఉన్నాయి. నా దగ్గర ఒక కాపీ ఉంది, ఇది రెండోది. ఆన్‌లైన్‌లో ఎక్కడో దాచిపెడతానని తమ్ముడు అన్నాడు. అది కూడా చేసుకోమన్నాను, కానీ చేతికి అందే రెండో కాపీ నీ దగ్గరే ఉండాలన్నాను. "చెరిపేసిన ఆమెకేనా అక్కా?" అని వాడు నోరు తెరిచాడు. అవును, ఆమెకే. నా డిజైన్లు చెరిపేస్తే ఎలా ఉంటుందో ఈ లోకంలో నా తర్వాత నీ ఒక్కదానికే తెలుసు.

నేత్ర